ఎక్స్‌పెక్ట్: ప్రాంప్టు వచ్చేదాకా ఆగడం తెలిసిన సాఫ్ట్‌వేర్

ముప్పై నెట్‌వర్కు స్విచ్‌ల (కంప్యూటర్లని కలిపే పెట్టెల) కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీయాలంటే ఒక్కోదానిలోకీ లాగిన్ అవ్వాలి. పాస్‌వర్డు కొట్టాలి, ఎనేబుల్ (పూర్తి అధికారం తెరిచే కమాండ్) అనాలి, మళ్ళీ పాస్‌వర్డు కొట్టాలి, కాపీ కమాండ్ ఇవ్వాలి, అది అడిగే రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాలి. విజయవాడలో కేబుల్ బ్రాడ్‌బ్యాండ్ నడిపే చిన్న ఆఫీసుల్లో పటమట నుంచి గొల్లపూడి దాకా ఉన్న నెట్‌వర్కు మొత్తాన్ని ఒకరిద్దరే చూసుకుంటారు, కాబట్టి ఈ పని వారానికోసారి కూడా జరగదు. గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఇదే తలనొప్పి ఇంకో రూపంలో ఉంటుంది. క్లాసంతా రాసిన మెనూ ప్రోగ్రాముల్ని ఒక్కొక్కటిగా రన్ చేసి, 1 నొక్కి, పేరిచ్చి, 3 నొక్కి, సరిగ్గా వచ్చిందా అని చూడాలి. ప్రశ్నలు ఎప్పుడూ అవే, జవాబులూ అవే. కీబోర్డు దగ్గర మనిషి మాత్రం ఉండాల్సిందే.

ఆ మనిషి స్థానంలో కూర్చోబెట్టడానికి పనికొచ్చేది ఎక్స్‌పెక్ట్. ఉచితం, చిన్నది, నమ్మదగింది. నాలుగు కమాండ్లు వస్తే మీ పనుల్లో చాలా భాగం అయిపోతుంది. కాకపోతే అజాగ్రత్తగా రాసిన ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టు తప్పు చేసినప్పుడు చప్పుడు చెయ్యదు. పని జరిగినట్టే కనిపిస్తుంది, ఫైలు మాత్రం ఉండదు. అందుకే ఈ సమీక్షలో దాని సుగుణాల కంటే అది ఎక్కడ బోల్తా కొడుతుందో ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

దీన్ని రాసింది డాన్ లైబ్స్. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో ఉండగా రాశారు, 1990లో బయటికొచ్చింది. జాన్ ఆస్టర్‌హౌట్ బర్క్‌లీలో తయారుచేసిన టీసీఎల్ భాష మీద దీన్ని కట్టారు. పబ్లిక్ డొమైన్‌లో ఉంది కాబట్టి లైసెన్సు గొడవ లేదు. 2018 నాటి 5.45.4 వెర్షనే ఇప్పటికీ చాలా లైనక్స్‌లలో వస్తోంది. పాతదని భయపడక్కర్లేదు: జీసీసీ కంపైలర్, జీడీబీ డీబగ్గర్ లాంటి వాటి పరీక్షలు నడిపే డెజాగ్నూ దీని మీదే ఆధారపడింది. ఉబుంటులో 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌పెక్ట్' అంటే చాలు. మ్యాక్‌లో ముందే ఉంటుంది. విండోస్‌లో వాడాలంటే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల లైనక్స్ నడిపే సౌకర్యం) పెట్టుకుని అందులో ఉబుంటు వేసుకోవడమే తేలిక దారి. బ్యాకప్‌ల లాంటి పనికి ఆఫీసు మూలన పడున్న పాత డెస్క్‌టాప్ కూడా సరిపోతుంది.

జవాబులన్నీ ఒక ఫైల్లో రాసి పైపులో (ఒక ప్రోగ్రాము అవుట్‌పుట్‌ని ఇంకోదానికి ఇన్‌పుట్‌గా అందించే దారిలో) పంపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కొన్నిటికి సరిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాము) లాంటివి మాత్రం పాస్‌వర్డుని స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి కాకుండా నేరుగా టెర్మినల్ నుంచి చదువుతాయి. మీరు పైపులో ఎంత పోసినా వాటికి పట్టదు. ఇంకో చిక్కు కూడా ఉంది. అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తోందంటే సీ లైబ్రరీ దాన్ని లైను లైనుగా బయటికి వదులుతుంది, పైపులోకి వెళ్తోందంటే పెద్ద బఫర్ (తాత్కాలిక నిల్వ) నిండేదాకా దాచిపెడుతుంది. ప్రశ్న బఫర్‌లో ఇరుక్కుపోతుంది, అవతల జవాబివ్వాల్సిన స్క్రిప్టు ప్రశ్న కోసం కాచుకుంటుంది, రెండూ అలాగే నిలబడిపోతాయి. ఎక్స్‌పెక్ట్ ఒక సూడో టెర్మినల్ తెరిచి ప్రోగ్రాముని అందులో నడుపుతుంది. ప్రోగ్రాముకి ఎదురుగా అసలు టెర్మినలే ఉన్నట్టు అనిపిస్తుంది కాబట్టి రెండు చిక్కులూ విడిపోతాయి.

ఈ ఒక్క లాభం కోసమే 'అన్‌బఫర్' అనే చిన్న ప్రోగ్రాము కూడా ఎక్స్‌పెక్ట్‌తో పాటే వస్తుంది. గంటలకొద్దీ నడిచే ప్రోగ్రాము అవుట్‌పుట్‌ని 'టీ' కమాండ్‌కి పంపి లాగ్ రాసుకుంటున్నప్పుడు లైన్లు ఆలస్యంగా పడుతుంటే, ప్రోగ్రాము పేరుకి ముందు అన్‌బఫర్ అని పెట్టండి. ఎప్పటికప్పుడు పడతాయి.

ఇక ఆ నాలుగు కమాండ్లు. 'స్పాన్' ప్రోగ్రాముని మొదలుపెడుతుంది. 'ఎక్స్‌పెక్ట్' ఫలానా మాట వచ్చేదాకా ఆగుతుంది. 'సెండ్' జవాబు పంపుతుంది. 'ఇంటరాక్ట్' కీబోర్డుని తిరిగి మనిషికి అప్పగిస్తుంది. ఈ నాలుగోదాన్ని జనం తక్కువగా వాడతారు, నిజానికి చాలా పనికొస్తుంది. లాగిన్, ఎనేబుల్ వరకూ స్క్రిప్టు చేసిపెట్టి, ఆ తర్వాత ఇంటరాక్ట్ పెడితే నేరుగా స్విచ్ ప్రాంప్టు (కమాండ్ కోసం ఎదురుచూస్తూ అది తెర మీద చూపే గుర్తు) ముందు కూర్చోవచ్చు. సెండ్‌లో ఎంటర్ కొట్టడానికి చివర బ్యాక్‌స్లాష్ ఆర్ పెట్టాలి. బ్యాక్‌స్లాష్ ఎన్ పెడితే కొన్నిచోట్ల పనిచేసి కొన్నిచోట్ల మొండికేస్తుంది, ఎందుకంటే ఎంటర్ మీట నిజంగా పంపేది మొదటిదే.

స్విచ్ బ్యాకప్‌నే తీసుకుని ఒక్కో అడుగూ చూద్దాం. సిస్కో కంపెనీ సొంత ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ నడిచే స్విచ్, అదే నెట్‌వర్కులో ఉబుంటు మెషీన్ మీద టీఎఫ్‌టీపీ సర్వర్ (ఫైళ్ళు అందుకునే చిన్న ప్రోగ్రాము) ఉన్నాయనుకోండి. సర్వర్ దగ్గరే మొదటి మెలిక. ఉబుంటులో వాడే 'టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏ' సర్వర్ మామూలుగా కొత్త ఫైళ్ళు సృష్టించనివ్వదు. దాని ఆప్షన్లలో 'క్రియేట్' చేర్చాలి, లేదా ప్రతి స్విచ్ పేరుతోనూ ఖాళీ ఫైలు ముందే పెట్టి దానికి రాసే అనుమతి ఇవ్వాలి. ఇది చెయ్యకుండా స్క్రిప్టుని ఎంతసేపు దిద్దినా లాభం లేదు.

స్పాన్ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ నాలుగు రకాలుగా స్పందించవచ్చు. పాస్‌వర్డు అడగొచ్చు. మొదటిసారి కనెక్ట్ అవుతుంటే, ఈ మెషీన్‌ని నమ్మమంటారా, ఎస్ ఆర్ నో అని అడగొచ్చు. అసలు కనెక్షనే కుదరక ఏదో ఒక ఎర్రర్ చెప్పి ముగిసిపోవచ్చు. ఏమీ మాట్లాడకుండా ఉండిపోవచ్చు. ఈ నాలుగిటినీ ఒకే ఎక్స్‌పెక్ట్ బ్లాకులో నాలుగు శాఖలుగా రాయాలి: పాస్‌వర్డు మాట, ఎస్ ఆర్ నో మాట, ఈఓఎఫ్ (అవతలి ప్రోగ్రాము ముగిసిపోవడం), టైమౌట్ (గడువు దాటిపోవడం). ఎస్ ఆర్ నో శాఖలో జవాబు పంపాక 'ఎక్స్‌ప్ కంటిన్యూ' అని రాస్తే మళ్ళీ అదే బ్లాకులో కాచుకుంటుంది, తర్వాత వచ్చే పాస్‌వర్డు ప్రశ్నని పట్టుకుంటుంది. అయితే ప్రతి కొత్త మెషీన్‌కీ కళ్ళు మూసుకుని ఎస్ చెప్పించడం నాకు నచ్చదు. ఆ ప్రశ్న ఉన్నదే అవతలివాడు అసలైనవాడా కాదా చూసుకోవడానికి. 'ఎస్‌ఎస్‌హెచ్-కీస్కాన్'తో కీలు ముందే తెచ్చుకుని, స్విచ్ కన్సోల్ దగ్గర ఒకసారి సరిచూసుకుని, 'నోన్ హోస్ట్స్' ఫైల్లో పెట్టేసుకుంటే ఆ శాఖే అక్కర్లేదు.

పాత స్విచ్‌ల దగ్గర ఈఓఎఫ్ శాఖ విలువ తెలుస్తుంది. ఈనాటి ఎస్‌ఎస్‌హెచ్‌కి పాత కీ మార్పిడి పద్ధతులు మూసి ఉంటాయి. కనెక్ట్ అవ్వగానే 'నో మ్యాచింగ్ కీ ఎక్స్ఛేంజ్ మెథడ్ ఫౌండ్' అని చెప్పి ముగిసిపోతుంది. ఆ స్విచ్ ఒక్కదానికే, ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో 'కెక్స్ ఆల్గరిదమ్స్' వరసలో ప్లస్ గుర్తుతో పాత డిఫీ-హెల్‌మన్ పద్ధతి పేరు చేర్చాలి. అన్ని మెషీన్లకీ కలిపి చేర్చకండి.

లోపలికి వెళ్ళాక వచ్చే ప్రాంప్టు యూజర్‌ని బట్టి మారుతుంది. మామూలు యూజర్ అయితే స్విచ్ పేరు పక్కన > ఉంటుంది, పూర్తి అధికారం ఉన్న యూజర్ అయితే నేరుగా # వస్తుంది. రెండిటికీ శాఖలు రాయండి. కొత్తవాళ్ళు ఎక్కువగా పడేది ఇక్కడే. # కోసం మాత్రమే కాచుకుంటే, లాగిన్ బ్యానర్‌లో అలంకారానికి పెట్టిన హాష్ గుర్తుల వరస వస్తుంది కదా, అందులో మొదటిదానికే మ్యాచ్ అయిపోతుంది. స్విచ్ ఇంకా బ్యానర్ చదువుతుండగానే స్క్రిప్టు కమాండ్లు కుమ్మరిస్తుంది. అక్కడి నుంచి ప్రతి జవాబూ ఒక అడుగు ముందే వెళ్తుంది. మందు ఏమిటంటే, స్విచ్ పేరుతో కలిపి కాచుకోవాలి, చివర డాలర్ గుర్తుతో లంగరు వెయ్యాలి. ఎక్స్‌పెక్ట్‌లో ఆ డాలర్‌కి, ఇప్పటిదాకా వచ్చిన అక్షరాల చివర అని అర్థం. పేరు, హాష్, ఒక ఖాళీ ఉన్నా లేకున్నా సరే, ఆపైన ఏమీ లేదు: అప్పుడే అది నిజమైన ప్రాంప్టు.

ప్రాంప్టు దొరికిందా, మొదట 'టెర్మినల్ లెంగ్త్ 0' పంపండి. లేకపోతే పొడుగాటి అవుట్‌పుట్ మధ్యలో 'మోర్' అని ఆగి, స్పేస్ కొట్టమని కూర్చుంటుంది. తర్వాత 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీ' పంపితే మొదటి ప్రశ్న వస్తుంది: అవతలి హోస్ట్ అడ్రసు లేదా పేరు ఏమిటి అని. దాని చివర ఖాళీ స్క్వేర్ బ్రాకెట్లు, ప్రశ్నార్థకం ఉంటాయి. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు డబుల్ కోట్స్‌లో పెట్టకండి. టీసీఎల్‌కి స్క్వేర్ బ్రాకెట్ కనపడితే అందులో ఉన్నది కమాండ్ అనుకుని నడపబోతుంది. మామూలు ప్యాటర్న్‌లో (కాచుకునే మాటకి ఇచ్చే నమూనాలో) ప్రశ్నార్థకం అంటే ఏదో ఒక అక్షరం అని అర్థం కూడా. వాక్యంలో 'రిమోట్ హోస్ట్' అన్న రెండు మాటలు చాలు. సర్వర్ ఐపీ పంపండి. రెండో ప్రశ్న ఫైలు పేరు. దానికి 'డెస్టినేషన్ ఫైల్‌నేమ్' చాలు, జవాబుగా తేదీ కలిపిన పేరు ఇవ్వండి.

అసలు పరీక్ష ఈ తర్వాతి అడుగు. చాలా స్క్రిప్టులు ఇక్కడ మళ్ళీ # కోసం కాచుకుని, రాగానే ఎగ్జిట్ పంపేసి అయిపోయిందనుకుంటాయి. కాపీ విఫలమైనా # వస్తుంది! కాబట్టి ఇక్కడ 'బైట్స్ కాపీడ్' అన్న మాట వస్తే విజయం, శాతం గుర్తుతో మొదలయ్యే 'ఎర్రర్' వస్తే వైఫల్యం అని రెండు శాఖలు, వాటి పక్కన టైమౌట్ శాఖ ఉండాలి. వైఫల్యంలో స్విచ్ పేరుతో సహా లాగ్‌లో రాసి, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో (ముగిసేటప్పుడు ప్రోగ్రాము ఇచ్చే అంకె; సున్నా అంటే విజయం) బయటికి రావాలి. ఇంత చేస్తేనే దాన్ని బ్యాకప్ స్క్రిప్టు అనొచ్చు.

టైమౌట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్‌లో నేను గట్టిగా తప్పుపట్టేది దీన్నే. ఏమీ చెప్పకపోతే ఎక్స్‌పెక్ట్ 10 సెకన్లు ఆగుతుంది. ఆలోపు కోరిన మాట రాకపోతే, మీరు టైమౌట్ శాఖ రాయలేదంటే, ఎర్రర్ ఇవ్వదు, ఆగదు, నిశ్శబ్దంగా తర్వాతి లైనుకి వెళ్ళిపోతుంది. తర్వాతి లైను పాస్‌వర్డు పంపేది అయితే? ఆ పాస్‌వర్డు ఏ షెల్ ప్రాంప్టు దగ్గరో కమాండ్‌లా పడుతుంది, తెర మీద కనిపిస్తుంది, హిస్టరీ ఫైల్లోకీ లాగ్‌లోకీ ఎక్కుతుంది. వేసవిలో కరెంటు పోయి వచ్చి స్విచ్ మళ్ళీ లేస్తున్న ఆ కొన్ని నిమిషాల్లో స్క్రిప్టు నడిస్తే ఇలాంటివి మామూలే. ప్రతి ఎక్స్‌పెక్ట్‌కీ టైమౌట్, ఈఓఎఫ్ శాఖలు ఉండాలి. ప్రతిసారీ రాయడం విసుగైతే స్పాన్ అయిన వెంటనే 'ఎక్స్‌పెక్ట్ ఆఫ్టర్'లో ఒకసారి రాసేస్తే అది ఆ తర్వాతి ఎక్స్‌పెక్ట్‌లన్నిటికీ వర్తిస్తుంది. టైమౌట్‌ని మైనస్ 1 చేస్తే ఎప్పటికీ ఆగుతుంది. రాత్రిళ్ళు క్రాన్‌లో (చెప్పిన వేళకి పనులు తనంతట తానే నడిపే లైనక్స్ ఏర్పాటు) నడిచే స్క్రిప్టుకి అది పెట్టకండి, తెల్లారేసరికి వేలాడుతున్న ప్రాసెస్‌లు పోగుపడతాయి. లాగిన్‌కి 20 సెకన్లు, కాపీకి 60 సెకన్లు అని ఎక్కడికక్కడ మార్చుకోవడం మంచిది. ఇంకో సంగతి: ఎక్స్‌ప్ కంటిన్యూ అన్న ప్రతిసారీ గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. అలా రావద్దనుకుంటే దానికి 'కంటిన్యూ టైమర్' ఆప్షన్ ఇవ్వాలి.

రెండో పెద్ద గండం స్క్రిప్టు చివర ఉంటుంది. ఆఖరి సెండ్ తర్వాత ఏమీ రాయకపోతే ఎక్స్‌పెక్ట్ పని అయిపోయిందని బయటికొచ్చేస్తుంది. టెర్మినల్ మూసుకుపోతుంది, లోపలి ప్రోగ్రాముకి హ్యాంగప్ సిగ్నల్ అంది మధ్యలోనే చచ్చిపోతుంది. 'చేత్తో చేస్తే పనిచేస్తోంది, స్క్రిప్టులో సగం ఫైలే వస్తోంది' అన్న ఫిర్యాదు వింటే మొదట చూడాల్సింది ఇదే. చివర 'ఎక్స్‌పెక్ట్ ఈఓఎఫ్' పెట్టండి. ఆ వెంటనే 'వెయిట్' పిలిస్తే నాలుగు విలువల జాబితా వస్తుంది. నాలుగోది లోపలి ప్రోగ్రాము ఎగ్జిట్ కోడ్. దాన్నే మీ స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్‌గా పైకి ఇవ్వండి. అప్పుడు బయటి షెల్ స్క్రిప్టుకి ఏం జరిగిందో తెలుస్తుంది.

టీసీఎల్ అలవాటు లేనివాళ్ళని ఏడిపించేవి ఇంకొన్ని. ఎక్స్‌పెక్ట్ అన్న మాట, తెరిచే కర్లీ బ్రాకెట్ ఒకే లైనులో ఉండాలి, కిందికి దింపితే అర్థం మారిపోతుంది. శాఖల మధ్య హాష్ పెట్టి కామెంట్ రాయకండి, అక్కడ హాష్‌ని కూడా ఒక ప్యాటర్న్‌గా తీసుకుని మిగతా జతలన్నీ తారుమారవుతాయి. కామెంట్ రాయాలంటే శాఖ లోపల రాయండి. పాస్‌వర్డులో డాలర్ గానీ స్క్వేర్ బ్రాకెట్ గానీ ఉంటే కోట్స్‌లో కాకుండా కర్లీ బ్రాకెట్లలో పెట్టి వేరియబుల్‌కి ఇవ్వండి. పంపే మాట హైఫన్‌తో మొదలైతే సెండ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, ముందు రెండు హైఫన్లు పెట్టాలి. ఒక నక్షత్రం గుర్తు మాత్రమే ఇచ్చి కాచుకుంటే దేనికైనా, ఏమీ రాకపోయినా, వెంటనే మ్యాచ్ అవుతుంది. అంటే కాచుకోనట్టే.

అవుట్‌పుట్ పెద్దదైతే 'మ్యాచ్ మ్యాక్స్' గుర్తుంచుకోవాలి. మామూలుగా 2000 బైట్లే గుర్తుపెట్టుకుంటుంది, అంతకు ముందు వచ్చింది జారిపోతుంది. కాన్ఫిగరేషన్ అంతా తెర మీద పరిచి దాన్నే పట్టుకుని దాచుకోవాలనుకుంటే దీన్ని లక్షకి పెంచండి. రంగుల ప్రాంప్టులున్న లైనక్స్ మెషీన్లలో కంటికి కనపడని ఎస్కేప్ కోడ్లు మధ్యలో దూరి మ్యాచ్ చెడగొడతాయి. స్పాన్‌కి ముందు 'టర్మ్' ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 'డంబ్' చేస్తే చాలావరకు పోతాయి. క్రాన్‌లో నడిచేటప్పుడు తెర వెడల్పు తెలియక పొడుగు లైన్లు విరిగిపోతే 'ఎస్‌టీటీవై ఇనిట్' వేరియబుల్‌లో 200 కాలమ్స్ అని స్పాన్‌కి ముందే పెట్టాలి.

కన్సోల్ కేబుల్‌తో, సెకనుకి 9600 బిట్ల వేగంతో పాత పరికరాలకి కాన్ఫిగరేషన్ ఎక్కించేటప్పుడు అవి అక్షరాలు మింగేస్తుంటాయి. దానికి 'సెండ్ స్లో' అద్భుతమైన మందు. ఒక్కో అక్షరానికీ 0.1 సెకను చొప్పున నిదానంగా పంపమనవచ్చు.

తప్పు వెతకడంలో ఎక్స్‌పెక్ట్‌కి నిండు మార్కులిస్తాను. స్క్రిప్టుని '-డీ' ఆప్షన్‌తో నడిపితే, వచ్చిన ప్రతి ముక్కా చూపించి, ఇది మీ ప్యాటర్న్‌కి సరిపోయిందా లేదా అని ఒక్కోదానికీ అవును కాదు చెబుతుంది. అరగంట తల పట్టుకునే బదులు రెండు నిమిషాలు అది చదివితే తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది. ఒక హెచ్చరిక: పంపిన పాస్‌వర్డు కూడా అందులో కనిపిస్తుంది. ఆ అవుట్‌పుట్ స్క్రీన్‌షాట్ తీసి సాయం కోసం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

'ఆటోఎక్స్‌పెక్ట్' అని ఇంకో తోడు ప్రోగ్రాము ఉంది. దాన్ని నడిపి మీరు చేత్తో పని చేస్తే, చూస్తూ స్క్రిప్టు రాసిపెడుతుంది. చిత్తుప్రతిగా బాగుంటుంది. ఉన్నదున్నట్టు వాడితే నిరాశే. తెర మీద వచ్చిన తేదీ, చివరి లాగిన్ సమయం కూడా అచ్చుగుద్దినట్టు రాసుకుంటుంది కాబట్టి మర్నాడు ఏదీ మ్యాచ్ అవ్వదు. '-పీ' ఆప్షన్ ఇస్తే ప్రాంప్టు లైను మాత్రమే చూస్తుంది, కాస్త నయం. మీరు కొట్టిన పాస్‌వర్డులు కూడా ఆ ఫైల్లో ఉంటాయి, తీసెయ్యడం మర్చిపోవద్దు.

పాస్‌వర్డుని స్క్రిప్టుకి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వకండి, ఆ మెషీన్‌లో ఎవరు 'పీఎస్' (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే కమాండ్) కొట్టినా కనిపిస్తుంది. విడిగా ఒక ఫైల్లో పెట్టి, దానికి 600 అనుమతి (యజమాని మాత్రమే చదివి రాయగలిగేది) ఇచ్చి, స్క్రిప్టులో ఆ ఫైలు తెరిచి చదివించండి. బ్యాకప్‌కి మాత్రమే సరిపడే అధికారాలున్న యూజర్‌ని స్విచ్‌లో వేరుగా పెట్టుకుంటే ఇంకా క్షేమం.

పైథాన్ వచ్చినవాళ్ళు టీసీఎల్ నేర్చుకోనక్కర్లేదు. ఇదే ఆలోచనతో నోవా స్పరియర్ మొదలుపెట్టిన 'పీఎక్స్‌పెక్ట్' అనే పైథాన్ లైబ్రరీ ఉంది. కాలేజీ ల్యాబు పనికి నేను సూచించేది దీన్నే, ఎందుకంటే మార్కులు లెక్కగట్టడం, ఫైల్లో రాయడం పైథాన్‌లో తేలిక. దీని టైమౌట్ 30 సెకన్లు, టైమౌటైతే నిశ్శబ్దంగా జారుకోకుండా ఎక్సెప్షన్ విసురుతుంది. ఈ ఒక్క కారణానికే ఎక్స్‌పెక్ట్ కంటే దీన్ని ఇష్టపడేవాళ్ళున్నారు, వాళ్ళది సబబే. కాచుకోవాల్సిన మాటల్ని జాబితాగా ఇస్తే ఏది వచ్చిందో దాని సంఖ్య తిరిగిస్తుంది.

విద్యార్థుల ప్రోగ్రాములకి వాడేటప్పుడు నాలుగు విషయాలు చూసుకోవాలి. ఒకటి, 'ఎకో' ఆపెయ్యాలి. లేకపోతే మీరు పంపిన 25 తిరిగి అవుట్‌పుట్‌లో కనిపించి, ప్రోగ్రాము లెక్క తప్పినా 25 వచ్చిందని మార్కులు పడిపోతాయి. స్పాన్‌లోనే ఎకోని ఫాల్స్ చెయ్యొచ్చు. రెండు, 'ఎన్‌కోడింగ్' యూటీఎఫ్-8 అని చెప్పకపోతే స్ట్రింగులు కాకుండా బైట్లు వస్తాయి. మూడు, లైను చివర బ్యాక్‌స్లాష్ ఎన్ ఒక్కటే కాదు, టెర్మినల్ దాని ముందు బ్యాక్‌స్లాష్ ఆర్ చేరుస్తుంది, పోల్చేటప్పుడు రెండూ తీసెయ్యాలి. నాలుగు, అంకె అడిగిన చోట అక్షరం ఇస్తే స్కాన్‌ఎఫ్‌తో (సీ భాషలో ఇన్‌పుట్ చదివే ఫంక్షన్) రాసిన చాలా ప్రోగ్రాములు ఆగకుండా మెనూ కుమ్మరిస్తూనే ఉంటాయి. ఆ పరీక్షకి టైమౌట్ 5 సెకన్లు పెట్టి, తర్వాత ప్రోగ్రాముని బలవంతంగా మూసెయ్యండి. క్రాష్ అయిందా అన్నది 'క్లోజ్' పిలిచాక 'సిగ్నల్ స్టేటస్'లో తెలుస్తుంది. 11 ఉంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్.

పీఎక్స్‌పెక్ట్‌లో డాలర్ గుర్తు మీద ఆధారపడకూడదు. అక్షరాలు వచ్చినవి వచ్చినట్టే చూస్తుంది కాబట్టి ఎక్కడైనా అదే చివర అనిపిస్తుంది. చుక్క-నక్షత్రాన్ని (ఎన్ని అక్షరాలైనా అని అర్థం) ప్యాటర్న్ చివర పెడితే ఆ క్షణానికి అందినంతే పట్టుకుంటుంది, తర్వాత వచ్చేది ఉండదు. కమాండ్‌లో పైపు, దారి మళ్ళింపు గుర్తులు పనిచెయ్యవు, అవి కావాలంటే బ్యాష్ షెల్‌కి '-సీ' ఇచ్చి దాని ద్వారా నడపాలి. అసలు స్పాన్ విండోస్‌లో పనిచెయ్యదు, ల్యాబులో అన్నీ విండోస్ మెషీన్లే ఉంటే ఇదొక్కటే అడ్డంకి.

ల్యాబు ప్రోగ్రాము మెనూ లేకుండా వరసగా మూడు అంకెలు అడిగి జవాబు చెప్పేదే అయితే వీటిలో ఏదీ వద్దు. ఇన్‌పుట్ ఫైలుని దారి మళ్ళిస్తే అయిపోతుంది. ఈ మాట మిగతా పనులకీ వర్తిస్తుంది. ఎక్స్‌పెక్ట్ తెరిచే ముందు ఆ ప్రోగ్రాము మాన్యువల్ ఒకసారి చూడండి, ప్రశ్నలు అడగకుండా నడిపే దారి తరచూ అందులోనే ఉంటుంది. ప్యాకేజీలకి ఆప్ట్ '-వై', నాన్-ఇంటరాక్టివ్ ఫ్రంటెండ్ వేరియబుల్ ఉన్నాయి. పాస్‌వర్డులు మూకుమ్మడిగా మార్చడానికి 'సీహెచ్‌పాస్‌వర్డ్' ఉంది. డిస్కు విభజనకి ఎఫ్‌డిస్క్‌తో కుస్తీ పట్టకుండా 'ఎస్‌ఎఫ్‌డిస్క్' వాడొచ్చు. మైఎస్‌క్యూఎల్ పాస్‌వర్డు ఆప్షన్ ఫైల్లో పెట్టొచ్చు. లైనక్స్ సర్వర్లలోకి వెళ్ళడానికే అయితే ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టుకోండి. 'ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ' ఒకసారి నడిపితే పాస్‌వర్డు ప్రశ్నే రాదు, దాన్ని ఎక్స్‌పెక్ట్‌తో దాటించాల్సిన అవసరమూ ఉండదు. 'ఎస్‌ఎస్‌హెచ్‌పాస్' ఆ ఒక్క ప్రశ్నకి పనికొస్తుంది, కానీ కొత్త హోస్ట్ కీ ఎదురైతే 6 కోడ్‌తో ఆగిపోతుంది.

నెట్‌వర్కు పరికరాలు రకరకాల కంపెనీలవి కలిసి ఉంటే, పైథాన్ వస్తే 'నెట్‌మికో' లైబ్రరీ చూడండి. ప్రాంప్టులు, పేజీ ఆగడాలు అదే చూసుకుంటుంది. దానికి తెలియని పరికరం, పాత కన్సోల్, ఎవరో ఎప్పుడో రాసిచ్చి ఇప్పుడు సోర్సు లేని మెనూ సాఫ్ట్‌వేర్: వీటి దగ్గర మాత్రం ఎక్స్‌పెక్ట్‌కి పోటీ లేదు. అలాంటి మెషీన్ ఒక్కటున్నా ఇది నేర్చుకోవడానికి పెట్టిన వారాంతం వృథా కాదు.

క్రాన్‌లో పెట్టేటప్పుడు ఎక్స్‌పెక్ట్‌కి పూర్తి పాత్ ఇవ్వండి, అక్కడ పాత్ వేరియబుల్ చిన్నది. ఇంటరాక్ట్ ఉన్న స్క్రిప్టుని క్రాన్‌లో పెట్టకండి, అప్పగించడానికి అక్కడ కీబోర్డు లేదు. బ్యాష్ స్క్రిప్టు మధ్యలో హియర్-డాక్యుమెంట్‌గా (స్క్రిప్టులోనే పొదిగిన పాఠంగా) ఎక్స్‌పెక్ట్ కోడ్ రాస్తే డాలర్ గుర్తుల్ని బ్యాష్ ముందే మింగేస్తుంది. ముగింపు మాటకి సింగిల్ కోట్స్ పెట్టండి, లేదా, ఇదే మంచిది, విడి ఫైలు చెయ్యండి. స్విచ్‌లకి ఫర్మ్‌వేర్ మార్చిన రోజున ఒక్క స్విచ్ మీద '-డీ'తో చేత్తో నడిపి చూడండి. ప్రశ్నలో ఒక్క మాట మారినా మీ ప్యాటర్న్ పట్టదు, టైమౌట్ శాఖ రాసి ఉంటే ఆ సంగతి ఆ రాత్రే లాగ్‌లో పడుతుంది.